మామ ల్యాబ్ వెబ్‌సైట్: ఫోన్ నంబర్ కొడితే రిపోర్టు రావాలంట, పెట్టొచ్చా?

కడప కుర్రోడు:
అన్నా, మా మామ రక్తపరీక్షల ల్యాబ్‌కి సైట్ చేస్తాండా, తెలుగు ఉర్దూ ఇంగ్లీషు మూడూ కావాలంట, ఫోన్ నంబర్ కొడితే రిపోర్టు వచ్చేయాలంట. రేట్ల పట్టీ డీటీపీ అంగట్లో అను ఫాంట్‌లో కొట్టిచ్చింది ఉంటే ఫొటో తీసి అట్నే పెట్టేసినా. ఉర్దూ పేజీలో మాత్రం కోలన్లూ బ్రాకెట్లూ తప్పు పక్కకి ఎగిరిపోతాండాయి. ఇంకేం చూసుకోవాల?

కొండారెడ్డి బురుజు:
ఉర్దూ తర్వాత తమ్ముడూ, ఫస్టు ఆ రిపోర్టు సంగతి చూడు. నంబర్ కొడితే చాలంటే చుట్టాలంతా నీ షుగర్ ఎంతో చూసేస్తారు. పోయినేడు ఒక ల్యాబ్ నుంచి మా అవ్వ రిపోర్టు లింకు వచ్చింటే, చివర అంకె ఊరికే ఒకటి పెంచి చూసినా, ఇంకెవరిదో థైరాయిడ్ రిపోర్టు తెరుచుకుంది, పేరూ వయసుతో సహా! పైన తాళం గుర్తు ఉండాది మళ్లీ. ఆ తాళం దారిలో ఎవరూ తొంగిచూడకుండా, అంతే. అడిగేది ఎవరో కనుక్కునే పని సర్వర్‌ది. ఓటీపీ పెట్టు, అది సరిపోయినాక కూడా ఈ రిపోర్టు ఈ నంబర్‌దేనా అని ప్రతిసారీ చెక్ చేయించు. ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దగ్గర ఫ్రీగా వస్తాది, రెన్యూవల్ ఆటోమేటిక్ పెట్టుకో. రిపోర్టు పేజీలో యాడ్ ట్రాకర్లు, అంటే ఎవరేం చూస్తాండారో యాడ్ కంపెనీలకి చెప్పే కోడ్, వద్దు.

టవర్ క్లాక్ (అనంతపురం):
నాకు చూపు లేదు, స్క్రీన్ మీదుండేది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్‌తో వింటా. ఓటీపీ పెట్టు గానీ 30 సెకన్లకే ఎక్స్‌పైర్ చేయొద్దు సామీ, మెసేజ్ విని వెనక్కొచ్చేలోపల అయిపోతాది. వంకర అక్షరాల క్యాప్చా అయితే నేను సైట్ మూసేస్తా. వికలాంగులు కూడా వాడుకునేలా సైట్లు ఎట్ల చేయాలో చెప్పే గైడ్‌లైన్లు డబ్ల్యూసీఏజీ 2.2 అని 2023లో వచ్చినాయి, అందులో లాగిన్ గురించి ఉండాది, చదువు. ఆ రేట్ల ఫొటో నాకు వట్టి "గ్రాఫిక్" అని వినపడతాది. అను ఫైల్ నుంచి కాపీ చేసినా లాభం ల్యా, లోపలుండేవి తెలుగు అక్షరాలే కావు, వేరే గుర్తులకి తెలుగు బొమ్మ తొడిగినారు. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోన్‌లోనైనా నిజం తెలుగు అక్షరాలుగానే ఉండే పద్ధతిలో, కొట్టాల్సిందే.

కడప కుర్రోడు:
ఓటీపీ ఎస్సెమ్మెస్‌కి డబ్బులెందుకురా అంటాండాడు మామ. అవ్వ కథ చెప్పినా, గమ్మునైనాడు. పట్టీ మళ్లీ టైప్ చేస్తాండా.

అల్మాస్‌పేట:
ఉర్దూ పేజీ ట్యాగ్‌లో డైరెక్షన్ ఆర్‌టీఎల్ (కుడి నుంచి ఎడమకి) అని పెట్టు భాయ్, కోలన్లు సర్దుకుంటాయి. ఏ పేజీకి ఆ పేజీ భాష కోడ్ కూడా రాయి, లేకుంటే అన్న ఎన్‌వీడీఏ తెలుగుని ఇంగ్లీషు గొంతుతో చదివినా చదువుతాది. లైన్ల మధ్య జాగా పెంచు, ఇంగ్లీషుకి సరిపోయింది తెలుగుకి చాలదు, వత్తులు తెగుతాయి. భాష మార్చే బటన్ మీద జెండాలు వద్దు, ఉర్దూకి ఏ జెండా పెడతావ్ చెప్పు?