రెస్పిరేటరీ థెరపీ కోర్సులో మా చెల్లిని చేర్పించొచ్చా?

అన్నలూ అక్కలూ, మా చెల్లికి ఇంటర్ బైపీసీ అయిపోయింది, నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్ నా వల్ల కాదంటోంది. కరోనా టైంలో మా తాతయ్య పన్నెండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు, రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ఆయన్ని చూపించినాయన డాక్టరూ కాదు నర్సూ కాదు, వెంటిలేటర్, ఊపిరి సంగతులు చూసుకునే రెస్పిరేటరీ థెరపిస్ట్ అంట, అప్పట్నుంచీ దానికి అదే ధ్యాస. ఇంట్లో మాత్రం సిలిండర్లు మార్చే పనికి నాలుగేళ్ల చదువెందుకు అంటున్నారు. ఈ ఫీల్డ్‌లో ఉన్నోళ్లు చెప్పండి, అమెరికాలో పనికొస్తుందా?

హైదరాబాద్ ఐసీయూ
సిలిండర్లు మార్చే పని కాదు తమ్ముడూ. రాత్రి మూడింటికి వెంటిలేటర్‌లో హై ప్రెషర్ అలారం కొట్టిందనుకో, మేం ముందు చూసేది పేషెంట్ ఛాతీని, రెండు వైపులా లేస్తోందా, ట్యూబ్ కొరుకుతున్నాడా, కఫం అడ్డుపడిందా అని. సక్షన్‌తో కఫం లాగేశాక ప్రెషర్ దిగి అలారం ఆగిపోతుంది చూడు, అప్పుడు మనకీ ఊపిరాడుతుంది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకి ఒక్కో శ్వాసకి ఎంత గాలివ్వాలో కూడా తూకం చూసి వెయ్యం, ఎత్తుకి తగ్గ బరువు లెక్కగట్టి కిలోకి 6 ఎంఎల్ దగ్గర మొదలుపెడతాం, ఎందుకంటే మనిషి లావెక్కినా ఊపిరితిత్తులు పెరగవు కదా. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ అలైడ్ హెల్త్ (డాక్టర్, నర్సు కాని వైద్య ఉద్యోగాల) బీఎస్సీల్లో ఈ కోర్సుంది, ఎన్టీఆర్ యూనివర్సిటీ వైపు కూడా కనుక్కోండి. నేను చదివిన చోట ల్యాబులో ఒక్కటే వెంటిలేటర్, అదీ బట్ట కప్పి ఉండేది, నేర్చుకున్నదంతా ఇంటర్న్‌షిప్‌లోనే. అందుకే చేరే ముందు ఐసీయూలో ఎన్ని పడకలున్నాయి, అక్కడ ఆర్టీలు, అంటే రెస్పిరేటరీ థెరపిస్టులు, పనిచేస్తున్నారా అని కళ్లారా చూసి రండి.

డల్లాస్ ఆర్టీ
అమెరికా సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. ఇండియా బీఎస్సీ చూపించి నేరుగా ఇక్కడ ఉద్యోగంలో చేరలేం. నేను ఇక్కడికొచ్చాక కోఆర్క్ (ఈ కోర్సులకి గుర్తింపిచ్చే సంస్థ) గుర్తింపున్న కాలేజీలో మళ్లీ రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేశాను, తర్వాత ఆర్టీలకి సర్టిఫికెట్లిచ్చే ఎన్‌బీఆర్‌సీ బోర్డు వాళ్ల టీఎంసీ అనే రాత పరీక్ష, నేను రాసినప్పుడు 160 ప్రశ్నల్లో 140కే మార్కులు, ఏవి లెక్కలోకి రావో మనకి తెలీదు. అప్పుడు కింది కటాఫ్ దాటితే సీఆర్‌టీ అనే మొదటి స్థాయి సర్టిఫికెట్, పై కటాఫ్ దాటితేనే సిమ్యులేషన్ పరీక్ష (కంప్యూటర్లో పేషెంట్ కేసులు) రాయనిచ్చేవాళ్లు, అదీ పాసైతే ఆర్‌ఆర్‌టీ అనే పై స్థాయి సర్టిఫికెట్. ఆపైన స్టేట్ లైసెన్స్. ఐసీయూలో పని చేసొచ్చాను కాబట్టి బ్లడ్ గ్యాస్ రిపోర్టు (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చెప్పేది) చదవడం నాకు కొత్తగా అనిపించలేదు, అక్కడి చదువు ఎక్కడికీ పోదు.

అడిగినతను
థ్యాంక్స్ అన్నా, అక్కా. మన దగ్గర దీనికి కౌన్సిల్ లాంటిదేమైనా ఉందా?

హైదరాబాద్ ఐసీయూ
2021లో చట్టం వచ్చింది, అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ దాని కిందే. మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు అని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం డబ్బు కట్టొద్దు.