గోవా ఎయిర్‌పోర్ట్ నుంచి రిసార్ట్‌కు కారు: 9,500 పెట్టాలా?

మాధవి_నిజాంపేట
అందరికీ నమస్కారం. డిసెంబర్ మూడో వారంలో గోవా వెళ్తున్నాం. మొత్తం ఆరుగురం: అమ్మ, నాన్న, మా అత్తగారు, మేమిద్దరం, ఐదేళ్ల బాబు. అమ్మకు మార్చిలో కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. నడుస్తుంది కానీ ఎక్కువసేపు నిలబడలేదు. రిసార్ట్ దక్షిణ గోవాలో, కావెలోసిమ్‌లో. హైదరాబాద్ నుంచి ఫ్లైట్ రాత్రి 10.50కి దిగుతుంది.

రిసార్ట్ వాళ్లు 'ప్రైవేట్ లగ్జరీ ట్రాన్స్‌ఫర్' అని మెయిల్ పంపారు. మన పేరు రాసిన బోర్డు పట్టుకుని మనిషి ఉంటాడట. వెల్‌ఫైర్ కారు, నీళ్ల సీసాలు, చల్లటి తడి టవల్స్, 90 నిమిషాల వెయిటింగ్ ఉచితం. ఒక వైపుకి 9,500. మావారు "కారుకి అంతా? అక్కడ కౌంటర్‌లో ట్యాక్సీ తీసుకుందాం" అంటున్నారు. నాన్నకైతే రేటు చెప్పలేదు, చెబితే ప్రయాణమే మానుకుంటారు. తీసుకోవాలా వద్దా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
వద్దమ్మా. డబోలిమ్ ఎయిర్‌పోర్ట్ నుంచి కావెలోసిమ్‌కు 40 కిలోమీటర్లు వేసుకున్నా, 9,500 అంటే కిలోమీటరుకు దాదాపు 240 రూపాయలు. ముందే తీసుకుంటే విమానం టికెట్ కూడా అంతకన్నా తక్కువకు వస్తుంది. ఎయిర్‌పోర్ట్‌లోనే ప్రీపెయిడ్ ట్యాక్సీ కౌంటర్ ఉంది. ఊరి పేరు చెప్పి డబ్బు కడితే రసీదు ఇస్తారు. బేరం లేదు, గొడవ లేదు. నేను మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అలాగే వెళ్లాను. తడి టవల్‌కి, నీళ్ల సీసాకి ఆరు వేలు అదనంగా ఎందుకు?

శైలజ_బెజవాడ
తీసుకోండి మాధవి గారూ, రెండో ఆలోచన వద్దు. రెండేళ్ల కిందట మేమూ ఇలాగే "కౌంటర్‌లో చూసుకుందాంలే" అనుకుని వెళ్లాం. ఫ్లైట్ గంటన్నర ఆలస్యం. మా వెనకే ఇంకో రెండు ఫ్లైట్‌లు దిగాయి. కౌంటర్ దగ్గర లైన్ ఎంతకీ కదలదు. మా వంతు వచ్చేసరికి పెద్ద బండ్లు లేవు, చిన్న కార్లు రెండు తీసుకోండి అన్నారు. ఆ రెండోది రావడానికి ఇంకో అరగంట. అమ్మ లగేజీ ట్రాలీ అంచు మీద కూర్చుంది. చీర కుచ్చిళ్లు చక్రం కిందకి పోయాయి. "నాకేం ఫర్వాలేదే" అంటూనే ఉంది, మోకాలి మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. ఆ రోజు ఎవరైనా పది వేలు అడిగినా ఇచ్చేదాన్ని.

కిరణ్_కేపీహెచ్‌బీ
ఊబర్ పెట్టుకోండి, సింపుల్.

వాస్కో_శ్రీను
తమ్ముడూ, గోవాలో ఓలా, ఊబర్ ఉండవు. గోవామైల్స్ అని 2018లో వచ్చిన యాప్ ఒకటి ఉంది. దానికీ స్థానిక ట్యాక్సీవాళ్లకూ మొదటి నుంచీ పడదు. దాని మీద బంద్‌లు కూడా జరిగాయి. నాది సోంపేట. పదకొండేళ్లుగా ఇక్కడ హోటళ్లలో పనిచేస్తున్నాను, అందులో ఐదేళ్లు ట్రావెల్ డెస్క్‌లోనే.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
శైలజ గారూ, మీకు ఒకరోజు జరిగిన దాన్ని బట్టి అందరికీ 9,500 ఖర్చు రాయకండి. అయినా ఆ '90 నిమిషాలు ఉచితం' అన్న మాట ఒకసారి చూడండి. ఎప్పటి నుంచి 90 నిమిషాలు? టికెట్ మీద వేసిన టైం నుంచా, విమానం నిజంగా దిగిన టైం నుంచా? టికెట్ టైం నుంచి అయితే మీ ఫ్లైట్ గంటన్నర ఆలస్యం కాగానే ఆ ఉచితం అయిపోయినట్టే. ఆ తర్వాత గంటకింత అని బిల్లులో వేస్తారు. మెయిల్‌లో ఈ విషయం రాశారా?

శైలజ_బెజవాడ
దిగిన టైం నుంచే లెక్క. ఫ్లైట్ నంబర్ ఎందుకు అడుగుతారు మరి? ట్రాక్ చేయడానికే కదా.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
ఫ్లైట్ నంబర్ అడగడం వేరు, వెయిటింగ్ లెక్క వేరు. రాతలో ఉందా లేదా అని అడిగాను.

శైలజ_బెజవాడ
మాస్టారూ, ఆవిడ అడిగింది వాళ్ల అమ్మగారి గురించి. మీరు 90 నిమిషాలు పట్టుకుని కూర్చున్నారు.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
రాతలో లేకపోతే రేపు ఇబ్బంది పడేది ఆవిడే. అందుకే పట్టుకున్నాను.

పట్టాల_ప్రసాద్
సికింద్రాబాద్ నుంచి గోవాలోని వాస్కోకు నేరుగా రైలు ఉంది, వారానికి రెండు రోజులు. దూద్‌సాగర్ జలపాతం మీదుగా వెళ్తుంది. పెద్దవాళ్లు పడుకుని వెళ్లొచ్చు.

వాస్కో_శ్రీను
మాధవి గారూ, ఇంతమంది ఇన్ని మాటలు రాశారు కానీ అసలు సంగతి ఎవరూ అడగలేదు. మీ టికెట్ మీద జీఓఐ అని ఉందా, జీఓఎక్స్ అని ఉందా?

మాధవి_నిజాంపేట
ఇప్పుడే చూశాను. జీఓఎక్స్. రెండూ ఒకటి కాదా?

వాస్కో_శ్రీను
కాదండి. జీఓఐ అంటే డబోలిమ్, వాస్కో పక్కన. జీఓఎక్స్ అంటే మోపా. అది ఉత్తరాన, పెర్నెం తాలూకాలో ఉంది. 2023 జనవరి 5 నుంచి అక్కడా విమానాలు దిగుతున్నాయి. కట్టింది జీఎంఆర్, మన శంషాబాద్ కట్టినవాళ్లే. మీరు వెళ్లేది దక్షిణాన కావెలోసిమ్‌కి. అంటే గోవాని దాదాపు ఈ కొస నుంచి ఆ కొసకి దాటాలి. పణజి దగ్గర మాండవి, ఆ తర్వాత జువారీ, రెండు నదులు దాటుకుని మడ్గావ్ వైపు రావాలి. సుమారు 80 కిలోమీటర్లు. జువారీ కొత్త వంతెన పూర్తిగా తెరిచాక నయం, అంతకుముందు ఆ పాత వంతెన మీద ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగిపోతామో చెప్పలేకపోయేవాళ్లం. రాత్రిపూట రెండు గంటలు వేసుకోండి. ఉత్తర గోవాకి, అంటే మోర్జిమ్, ఆరంబోల్ లాంటి చోట్లకి వెళ్లేవాళ్లకు మోపా దగ్గర. మీకు డబోలిమ్ అయితే బాగుండేది.

మాధవి_నిజాంపేట
అయ్యో. టికెట్ మార్చుకుంటే నాలుగు వేలు చొప్పున పోతాయి. రెండు గంటలు కూర్చుంటే అమ్మ కాలు బిగుసుకుపోతుంది.

శైలజ_బెజవాడ
చూశారా మాస్టారూ! ఇంతసేపు కిలోమీటరుకు 240 అని చెప్పారు. ఇప్పుడు ఎంత అయింది?

లెక్కల_మాస్టారు_ఒంగోలు
దాదాపు 120. నేను డబోలిమ్ అనుకుని లెక్క కట్టాను, ఆ తప్పు ఒప్పుకుంటాను. అయినా ఎక్కువే. మా చెల్లెలు కిందటేడాది మోపా నుంచి కోల్వాకు, అదీ దక్షిణ గోవాలోనే, కౌంటర్ ట్యాక్సీలో 3,200 ఇచ్చింది. మిగతా ఆరు వేలు దేనికి? ఉన్నమాట చెప్పుకుందాం. అమ్మ పేరు చెప్పి మనం సుఖపడుతున్నాం. ఎయిర్‌పోర్ట్ బయట పదిమందిలో మన పేరు బోర్డు మీద చూసుకోవాలని, అత్తగారి ముందు గొప్పగా ఉండాలని. అమ్మలకు ఇవేవీ అక్కర్లేదు.

మాధవి_నిజాంపేట
మాస్టారూ, అత్తగారిని ఇందులోకి లాగకండి. ఈ ప్రయాణానికి డబ్బు దాచింది నేను.

శైలజ_బెజవాడ
అమ్మలకు ఏం కావాలో మీకు తెలుసా మాస్టారూ? ఆ రాత్రి తర్వాత మా అమ్మ ఎక్కడికీ రానంటోంది. తిరుపతికి రమ్మన్నా "మీరు వెళ్లి రండి, నేనెందుకు మధ్యలో బరువు" అంటుంది. ట్రాలీ మీద కూర్చున్న ఆ గంటలో ఆవిడకి అర్థమైంది అదే, తన వల్ల మేమందరం ఆగిపోయామని. బోర్డు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటే "అమ్మా, రండి" అనేవాడు. ఆవిడ కోసమే వచ్చిన మనిషిలా ఉండేది. మీకు అది గొప్ప కోసంలా కనిపిస్తే నేను చేయగలిగింది లేదు. మీరు మిగిల్చిన ఆరు వేలతో నా సమస్య తీరదు.

కిరణ్_కేపీహెచ్‌బీ
శైలజ గారు చెప్పింది కరెక్ట్.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
శైలజ గారూ, నేను రాసింది ఎక్కువైంది. క్షమించండి.

కానీ నేనూ ఒక మాట చెప్పాలి, ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ బోర్డు పట్టుకుని నిలబడే మనిషి మా నాన్న. ఇరవై రెండేళ్లు మద్రాసు ఎయిర్‌పోర్ట్‌లో ఒక ట్రావెల్స్ కంపెనీ కారు నడిపాడు. రాత్రి పదకొండు ఫ్లైట్ రెండింటికి దిగితే రెండింటిదాకా నిలబడేవాడు. బోర్డు కింద పెడితే కస్టమర్ బయటికొచ్చి చూసుకోడని, చెయ్యి మార్చుకుంటూ పట్టుకునేవాడు. ఇంటికొచ్చాక అమ్మ భుజానికి అమృతాంజనం రాసేది. కంపెనీ బిల్లులో 'వెయిటింగ్ ఉచితం' అని ఉండేది. అది కస్టమర్‌కు ఉచితం. కంపెనీకి అది ప్రచారం. ఆ మూడు గంటలకు మా నాన్న చేతికి వచ్చింది ఏమీ లేదు, ట్రిప్పు బత్తా తప్ప. అందుకే ఆ 90 నిమిషాల మాట కనబడగానే నాకు మిగతాది ఏదీ కనబడదు. ప్రీపెయిడ్ కౌంటర్‌లో కారు ఎక్కితే, నేను ఇచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఆ బండి నడిపేవాడికే చేరుతుందని నాకో నమ్మకం.

శైలజ_బెజవాడ
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అలా రాసేదాన్ని కాదు. కానీ మాస్టారూ, మీ నాన్నగారు అక్కడ నిలబడ్డారు కాబట్టే ఎవరి అమ్మో నిలబడలేదు. ఆ పని విలువైంది అనే కదా నేనూ అంటున్నాను. విలువైనదానికి ఎక్కువ ఇస్తానంటే మీరు వద్దంటున్నారు.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
ఎక్కువ ఇవ్వండి. అది ఆయనకు చేరదు అంటున్నాను.

వాస్కో_శ్రీను
ఇద్దరూ చెప్పింది నిజమే, నేను రెండు వైపులా చూశాను. నేను పనిచేసిన చోట హోటల్‌కు సొంత కార్లు లేవు. బుకింగ్ వస్తే ట్రావెల్స్‌వాళ్లకు ఇచ్చేవాళ్లం. హోటల్ కొంత ఉంచుకుంటుంది, ట్రావెల్స్ కొంత, డ్రైవర్‌కు నెల జీతం, రాత్రి బత్తా. వెయిటింగ్‌కని విడిగా ఏమీ రాదు. కౌంటర్ ట్యాక్సీల్లో చాలామంది సొంత బండివాళ్లు. నెలనెలా బ్యాంకు కిస్తీ కట్టుకునేవాళ్లు. అలాగని అర్ధరాత్రి ఆరుగురికి సరిపడే బండి కౌంటర్‌లో ఉంటుందని నేను మాట ఇవ్వలేను. డిసెంబర్ అసలే సీజన్.

ఇంకో సంగతి. మీరు ఆరుగురు. పెట్టెలు ఎన్ని? ఏడు సీట్ల బండి ఏదైనా సరే, చివరి వరుసలో మనుషులు కూర్చుంటే వెనక రెండు పెట్టెలకు మించి పట్టవు. వెల్‌ఫైర్ అయినా అంతే. టెంపో ట్రావెలర్ అయితే అన్నీ పడతాయి కానీ దాని మెట్టు ఎత్తు, అమ్మగారికి కష్టం. ఇన్నోవా కూడా కాస్త ఎత్తే. కింద అడుగు పెట్టడానికి ఫుట్‌స్టెప్ ఉన్న బండి అడగండి, లేదా చిన్న పీట పెట్టమనండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. మా హోటల్లో వీల్‌చైర్ అబ్బాయి అందరికీ ఇదే చెప్పేవాడు. ఎయిర్‌లైన్‌కు ఇప్పుడే ఫోన్ చేసి వీల్‌చైర్ రాయించండి. బయట కారు దాకా తీసుకొస్తారు, దానికి డబ్బు తీసుకోరు.

ఒకవేళ ఎవరైనా సగం ధరకు వస్తామంటే నంబర్ ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. తెల్ల ప్లేటు సొంత కారు, దాన్ని కిరాయికి తిప్పకూడదు. దారిలో ఆపితే మీరు రోడ్డు మీద ఉంటారు.

మాధవి_నిజాంపేట
శ్రీను గారూ, చాలా థాంక్స్. పెట్టెల సంగతి నాకు తట్టనే లేదు. ఐదు పెద్దవి, బాబు సైకిల్ ఒకటి. సైకిల్ మానేశాం.

రిసార్ట్‌కు ఫోన్ చేశాను. వెల్‌ఫైర్ వద్దు, ఫుట్‌స్టెప్ ఉన్న ఇన్నోవా ఇవ్వండి అంటే 5,800 అన్నారు. అందులో అమ్మ, నాన్న, అత్తగారు, నేను, బాబు. మావారు మూడు పెట్టెలతో కౌంటర్ ట్యాక్సీలో వస్తారు, ఆయన కోరిక కూడా తీరుతుంది. రెండూ కలిపితే దాదాపు తొమ్మిది వేలే అవుతుంది. ఏమీ మిగల్లేదు. అయినా అమ్మ ఎక్కడా నిలబడాల్సిన పని లేదు, నాకు అది చాలు. మధ్యలో పణజి దాటాక ఒకసారి ఆపమని, పది నిమిషాలు అమ్మ కాలు చాపుకుంటుందని కూడా చెప్పాను.

డ్రైవర్‌కు వెయిటింగ్‌కు ఏమిస్తారని అడిగాను మాస్టారూ. "అది మేం చూసుకుంటాం మేడమ్" అన్నారు.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
అదే నేను చెప్పింది. వాళ్లు చూసుకోరు.

శైలజ_బెజవాడ
అయితే ఆవిడే ఆయన చేతికి ఇస్తుంది. దిగేటప్పుడు బిల్లులో కాదు, చేతిలో.

వాస్కో_శ్రీను
ఇస్తే దిగేదాకా ఆగకండి, ఎక్కేటప్పుడే ఇవ్వండి. రిసార్ట్ పోర్టికోలో అందరూ చూస్తుంటే తీసుకోవడానికి మొహమాటపడతారు.

లెక్కల_మాస్టారు_ఒంగోలు
సరే. మాధవమ్మా, ఆ 90 నిమిషాలు దిగిన టైం నుంచి అని రాతలో తెప్పించుకున్నారా?

మాధవి_నిజాంపేట
తెప్పించుకున్నాను మాస్టారూ. దిగిన టైం నుంచే. మెయిల్ ప్రింట్ తీసి నాన్న ఫైల్లో పెట్టాను, రేటున్న పేజీ తీసేసి.