సాయంత్రం ఐదైతే మా అవ్వ "ఇంటికి పోదాం పద" అంటాది, ఏం చెప్పాలి?

మేం తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. అవ్వకి 78, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) అని డాక్టర్లు చెప్పి రెండేళ్లయింది. పొద్దున బాగానే ఉంటాది, చింతపండు ముందరేస్తే గింజలన్నీ తీసి పెడతాది, కానీ ఐదు దాటితే చాలు కొంగులో పాత తాళంచెవి ముడేసుకుని గేటు కాడ నిలబడి దూడకి నీళ్లు పెట్టాల, పద అంటాది. పాకాలలో ఉన్న ఆ పాతిల్లు అమ్మి 20 ఏళ్లయింది. ఇదే మనిల్లు అవ్వా అంటే ఏడుస్తాది, నాకు చూడబుద్ధి కాదు.

చిత్తూరు నుంచి ఒకరు:
అక్కా, మా నాయన కూడా అంతే. ఇట్లా సాయంత్రమయ్యేసరికి తికమక ఎక్కువవడాన్ని సన్‌డౌనింగ్ అంటారు. వాదించొద్దు, ఇల్లు అమ్మేశామని చెప్పిన ప్రతిసారీ ఆ బాధ వాళ్లకి కొత్తదే. దూడ ఏ రంగు అని అడగండి. చీకటి పడకముందే లైట్లన్నీ వేసేయండి, నీడలకి భయపడతారు.

ఇంకొకరు:
ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి, పెద్దోళ్లలో అది కూడా ఇట్లా తికమక పెడతాది. బీ12, థైరాయిడ్ రక్త పరీక్షలు చేయించకపోతే చేయించండి. మీ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల విభాగం) ఉంది కదా. యాత్రికుల రద్దీలో తప్పిపోతే కష్టం, మీ నంబర్ రాసి ఆమె దగ్గర పెట్టండి. పెద్దోళ్ల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది.

అడిగినామె:
నిన్న దూడ గురించి అడిగినా. ఎర్రదంట, నుదుట తెల్లమచ్చంట. చెప్తా చెప్తా గేటు వదిలి లోపలికొచ్చి కూర్చుంది, తాళంచెవి మాత్రం ఇయ్యలా.