అప్‌డేట్: మూడో తరగతి పిల్లలతో వాట్సాప్ గ్రూప్

రాజోలు దగ్గర మా బడిలో పిల్లలకు చదవడం, రాయడం వాట్సాప్‌తో నేర్పొచ్చా అని అడిగాను కదా. మీ సలహాలతో మొదలుపెట్టాం, బాగా నడుస్తోంది.

వాట్సాప్‌కు కనీస వయసు 13 ఏళ్లు కాబట్టి గ్రూపులో పెద్దవాళ్లే ఉంటారు. పిల్లలు నోటుబుక్కులో రాసింది ఫొటో తీసి నేనే పెడతాను, ముఖాలు కనబడకుండా.

అసలు మార్పు తెచ్చింది జవాబులే. ఒక పాప "రేవులో పంటు ఆగిపోయింది" అని ఒక్క వాక్యం రాసింది (పంటు అంటే మనుషుల్ని, బళ్లని ఏరు దాటించే పెద్ద పడవ). కువైట్‌లో పనిచేసే వాళ్లమ్మ "ఎందుకాగిందమ్మా? మరి నాన్న ఎలా వచ్చారు?" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. మర్నాడు ఆ పాప పేజీ నిండా రాసుకొచ్చింది. "'నీళ్లు'కి ఏ వత్తు టీచర్?" అని తనే అడిగి మరీ దిద్దుకుంది. చదివేవాళ్లు నిజంగా ఉన్నారని తెలిస్తే పిల్లలకు ఎంత పట్టుదలో!

లైకులు లెక్కపెట్టి బహుమతులిమ్మన్న సలహా మాత్రం పాటించలేదు. వెనకబడ్డ పిల్లలు చిన్నబుచ్చుకుంటారు, అది నాకిష్టం లేదు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు వచ్చిన జవాబులు క్లాసులోనే చదివి వినిపిస్తున్నాను.

గోదావరి మధ్యనున్న లంక గ్రామాల్లో మూడో తరగతి చెప్పే టీచర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మీ పిల్లలూ మా పిల్లలూ ఒకరికొకరు రాసుకునేలా చేద్దాం.