పిల్లలతో కలిసి చేసే గేమ్‌లో తప్పు వస్తే పెద్దవాళ్లు సరిచేయొచ్చా?

వానచినుకు
మా పాపకి 9 ఏళ్లు, బాబుకి 6. నాలుగు ఆదివారాలుగా ముగ్గురం కూర్చుని స్క్రాచ్‌లో (రంగు బ్లాకులు అతికించి ప్రోగ్రాం చేసే పిల్లల సాఫ్ట్‌వేర్) చిన్న గేమ్ చేస్తున్నాం. ఒక నక్క మెట్ల మీద దూకుతూ నక్షత్రాలు ఏరుకోవాలి. బొమ్మలు బాబు గీస్తాడు, బ్లాకులు పాప పెడుతుంది, నేను పక్కన ఉంటాను. పోయిన ఆదివారం ఒక చిక్కొచ్చింది. నక్క పైమెట్టు నుంచి దూకితే మోకాళ్ల దాకా నేలలోకి దిగిపోతోంది. మళ్లీ దూకమని మీట నొక్కితే సగంలో ఆగిపోతోంది. పాప గంటసేపు తంటాలు పడింది. దొరక్క, ఏమీ మాట్లాడకుండా వెళ్లి పడుకుంది. నాకు చూడబుద్ధి కాలేదు. పిల్లలు నిద్రపోయాక నేనే కూర్చుని సరిచేశాను.

పొద్దున పాప లాప్‌టాప్ తెరిచి, "ఈ గులాబీ రంగు బ్లాకు ఎవరు పెట్టారు?" అంది. నేనే అన్నాను. మూత వేసి వెళ్లిపోయింది. మూడు రోజులైంది, గేమ్ ఊసే లేదు. సాయం చేయడం కూడా తప్పేనా?

సంధ్యావేళ
సాయం తప్పు కాదండీ. నిద్రపోయాక చేయడం తప్పు.

పాతకోడర్
నేను ఒప్పుకోను. పద్దెనిమిదేళ్లుగా ప్రోగ్రామింగే నా ఉద్యోగం. ఆగిపోయిన పని ముందు పిల్లని అలా వదిలేస్తే నేర్చుకునేది పట్టుదల కాదు, "ఇది నా వల్ల కాదు" అన్న మాట. మీరు సరిచేసి మంచి పని చేశారు. అసలు తప్పు స్క్రాచ్‌ది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి రంగు బ్లాకులు ఎందుకు? అక్షరాలతో రాసే పైథాన్ భాషలో మొదలుపెట్టి ఉంటే ఈ సమస్యే రాదు.

మూడోబెంచి
పాతకోడర్ గారూ, అది స్క్రాచ్ తప్పు కాదు. కిందికి పడేకొద్దీ వేగం పెరుగుతుంది కదా. చివర్లో నక్క ఒక్కో అడుగుకి, అంటే ఒక్కో కదలికకి, తెర మీద 15 చుక్కలు దిగుతుంటే, నేలకి 2 చుక్కల పైన ఉన్నది మరుక్షణం 13 చుక్కలు లోపల తేలుతుంది. తాకిందా లేదా అని చూసేది దిగిన తర్వాతే కాబట్టి, అప్పటికే కూరుకుపోయి ఉంటుంది. దూకే వేగం 12 అయితే బయటికి రావడానికి ఒక అడుగు చాలదు. ఇంకా నేలను తాకుతూనే ఉంది గనక వేగం మళ్లీ సున్నా అవుతుంది. పైథాన్‌లో రాసినా ఇదే జరుగుతుంది. ఏ భాషలో రాసినా ఇదే.

ఇక అసలు విషయం. ఏడో తరగతిలో సైన్సు ప్రదర్శనకి నేను అట్టతో గాలిమర చేస్తున్నాను. రెక్కలు వంకరగా తిరిగేవి. ఒక రాత్రి మా నాన్న మొత్తం విప్పి మళ్లీ కట్టారు. దానికి మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద "రెక్కల కోణం ఎంత పెట్టావు బాబూ?" అని అడిగారు. నాకు తెలియదు. ఇప్పుడు నాకు 41 ఏళ్లు. ఆ సర్టిఫికెట్ ఎవరికీ చూపించలేదు. మీ పాప మూత ఎందుకు వేసిందో నాకు బాగా తెలుసు.

పాతకోడర్
గాలిమర వేరు, ఇది వేరు. అక్కడ బహుమతి ఉంది, ఇక్కడ లేదు. మీ నాన్నగారి మీది కోపం ఈయన మీద చూపిస్తున్నారు.

పైథాన్ విషయంలో ఒక మాట ఒప్పుకుంటాను, కూరుకుపోవడం ఎక్కడైనా ఉంటుంది. కానీ నక్కను పైకి తోయడానికి లూప్ (అదే పని మళ్లీ మళ్లీ చేయించేది) పెడితే, స్క్రాచ్ ఆ లూప్ ప్రతి చుట్టుకీ తెర మళ్లీ గీసేదాకా ఆగుతుంది. అందుకే నక్క బురదలోంచి లేచినట్టు మెల్లగా పైకొస్తుంది. అలా కాకూడదంటే సొంత బ్లాకు చేసి, "తెర మార్చకుండా నడుపు" అన్న గడిలో టిక్ పెట్టాలి. వానచినుకు గారి గులాబీ బ్లాకు అదే అయ్యుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకి దాన్ని ఎలా వివరిస్తారు?

వానచినుకు
అవునండీ, అదే. వివరించలేదు కూడా.

మూడోబెంచి
వివరించలేనిది ఆమె గేమ్‌లో ఎందుకు పెట్టారు?

గడియారం
స్క్రాచ్ 2007లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం మీడియా ల్యాబ్‌ నుంచి వచ్చింది. ఉద్దేశించింది 8 నుంచి 16 ఏళ్ల వాళ్లకి. కాబట్టి 9 ఏళ్లకి పెద్దదైపోయిందనడం సరికాదు. దాని మూలం పిల్లల కోసం చేసిన 1967 నాటి ప్రోగ్రామింగ్ భాష లోగో. లోగో చేసినవాళ్లలో ఒకరైన సీమోర్ పేపర్ట్ పట్టుబట్టింది ఒకటే. పిల్లలు రాసిన ప్రోగ్రాం తప్పు అయితే మార్కు కొట్టేయకూడదు, ఎక్కడ తేడా వచ్చిందో వాళ్లే వెతకాలి, నేర్చుకోవడం అంటే ఆ వెతకడమే.

పాతకోడర్
పెద్దవాళ్ల పేర్లు చెప్పి నోరు మూయించకండి. గంటసేపు వెతికింది కదా పిల్ల? ఇంకెంత వెతకాలి? మూడోబెంచి గారూ, మీ పిల్లలతో మీరు ఒక్క గేమ్ అయినా పూర్తి చేశారా?

మూడోబెంచి
నాకు పిల్లలు లేరు. అందుకని మాట్లాడకూడదా? తండ్రిని కాకపోవచ్చు, కొడుకునే కదా. ఆ వైపు నుంచే చెప్తున్నాను.

సంధ్యావేళ
ఇద్దరూ కాస్త ఆగండి. అడిగినాయన ఏమంటారో విందాం.

వానచినుకు
రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. మొదట్లో నేను నిజం మొత్తం చెప్పలేదు. పాప బాధ చూడలేక చేశానన్నాను. అది సగమే.

చిన్నప్పుడు నాకు కంప్యూటర్ అంటే పిచ్చి. ఇంట్లో లేదు. స్కూల్లో వారానికి ఒక పీరియడ్, ఒక మెషీన్ ముందు నలుగురం. కీబోర్డు నా వరకు వచ్చేలోపు గంట కొట్టేవారు. ఆ రాత్రి నేను పది నిమిషాల్లో సరిచేసి లేవలేదు. రెండు గంటలు కూర్చున్నాను. నక్క చక్కగా నేల మీద నిలబడ్డప్పుడు ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. చాలా నెలల తర్వాత నాకు అంత సంతోషం కలిగిన రాత్రి అది. అది నా కోసం చేసుకున్నాను. పాప పేరు చెప్పాను, అంతే.

మూడోబెంచి
ఈ మాట మీరు ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా అనేవాణ్ణి కాదు.

పాతకోడర్
నేను మొదటినుంచీ అనాలనుకున్నది ఇదే, పైథాన్ గొడవలో పడి అనలేదు. పిల్లలతో ఏదైనా చేయడమంటే పెద్దవాళ్లు కుర్చీలో కూర్చుని చూడటమేనా? ఆయనకీ ఆడాలని ఉంది. ఇది హోంవర్కు కాదు, హాబీ. తండ్రికి ఆనందం లేని హాబీ ఎన్ని ఆదివారాలు సాగుతుంది? మా ఇంట్లో రెండు వారాలే సాగింది. నేను టీచర్‌లా పక్కన నిలబడి చూశాను. నాకు విసుగొచ్చింది, నా విసుగు మా వాడికి తెలిసిపోయింది. వాడు మళ్లీ అడగలేదు. ఇప్పుడు వాడికి 17.

మూడోబెంచి
ఆయన ఆనందించొద్దని నేను అనడం లేదు పాతకోడర్ గారూ. ఇద్దరిదీ అయిన దాన్ని ఒకరికి తెలియకుండా మార్చొద్దు అంటున్నాను. మా నాన్న ఆ రాత్రి నన్ను లేపి ఉంటే, నిద్రకళ్లతోనైనా ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఆ కోణం ఎంతో తెలిసేది.

సంధ్యావేళ
ఫైల్‌కి ఇంకో కాపీ తీసుకోండి. ఒకటి పాపది, ఒకటి మీది. మా ఇంట్లో అలాగే చేస్తాం.

వానచినుకు
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. పాప ముందే కూర్చుని ఆ గులాబీ బ్లాకు తీసేశాను. నక్క మళ్లీ కూరుకుపోయింది. "నీకు చెప్పకుండా చేశాను, అది తప్పు" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వేగం అంకె తెర మీద కనపడేలా పెట్టు నాన్నా" అంది. పెట్టాను. నక్క పడుతుంటే అంకె -1, -2 అంటూ -16 దాకా వెళ్లింది. "ఇంత జోరుగా ఎందుకు పడుతోంది?" అని తనే అడిగి, తనే ఒక ఇఫ్ బ్లాకు పెట్టింది. వేగం -6 కంటే తగ్గితే -6 చెయ్యి అని. ఇప్పుడు మోకాళ్ల దాకా దిగడం లేదు, పాదాలు మాత్రం దిగుతున్నాయి. దూకితే బయటికొస్తోంది. ఆ పాదాలు దాచడానికి బాబు గడ్డి గీశాడు, దాన్ని నక్క ముందు వరసలో పెట్టారు.

నేను రాత్రి చేసింది వేరే ఫైల్‌లో ఉంది. పాప అడిగితే చూపిస్తాను, ఇంకా అడగలేదు. పిల్లలు పడుకున్నాక దాంట్లో నా పని నేను చేసుకుంటున్నాను.

పాతకోడర్
మంచిదే. కానీ ఆ పద్ధతిలో ఇంకో చిక్కుంది. కింది నుంచి దూకినప్పుడు తల పైమెట్టుకి తగిలినా నేలను తాకినట్టే లెక్క. వేగం సున్నా అయి నక్క అక్కడే వేలాడుతుంది. పాపకి ముందే చెప్పండి.

వానచినుకు
నిన్న సాయంత్రమే వేలాడిందండీ. పాప కాగితం మీద నక్క తల ఒక పక్కన, కాళ్లు ఒక పక్కన విడివిడిగా గీసి చూసుకుంటోంది. నేను పక్కనే కూర్చున్నాను.