పది నిమిషాల షార్ట్ ఫిల్మ్, క్లైమాక్స్‌లో నవ్వు ఆగిపోతోంది. ఏం చేయాలి?

పటమట కుర్రాడు:
అన్నలూ అక్కలూ, విజయవాడలో ఒక కామెడీ షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. కథ చిన్నది. గవర్నర్‌పేటలో జిరాక్స్ షాపు, అక్కడ పనిచేసే అమ్మాయంటే హీరోకి ఇష్టం, చెప్పాలని రోజూ వెళ్తాడు, నోరు పెగలదు, జేబులో ఉన్న ఆధార్ కార్డు తీసిచ్చి "ఒక కాపీ" అని వచ్చేస్తాడు. ఇంట్లో బీరువా మీద ఆధార్ జిరాక్సులే ఓ కట్ట. ఇక్కడిదాకా విన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. చివర్లో ప్రకాశం బ్యారేజీ మీద ఆమెని ఆపి రెండు పేజీల డైలాగు చెప్తాడు, అక్కడ ఒక్కరూ నవ్వట్లేదు, పోనీ మనసు కరుగుతోందా అంటే అదీ లేదు. డిగ్రీలో నేనూ ఒకమ్మాయికి చెప్పలేక మూడేళ్ళు గడిపేశాను, అప్పుడు నాలోనే ఉండిపోయిన మాటలే ఆ డైలాగంతా. కొట్టేయడానికి చేయి రావట్లేదు.

ఎడిటింగ్ అన్న:
తమ్ముడూ, కొట్టెయ్. ఏడు నిమిషాలు నోరు పెగలనివాడు ఎనిమిదో నిమిషంలో రెండు పేజీలు మాట్లాడితే వాడు వేరే మనిషైపోయాడు. బ్యారేజీ ఎందుకు, కథంతా ఆ మెషిన్ దగ్గరే ఉంది కదా. ఆ రోజు ఆధార్ బదులు తను రాసుకొచ్చిన కాగితం ఇస్తాడు. జిరాక్స్‌కి కాగితం బోర్లా పెడతారు కాబట్టి ఆమె వెంటనే చూడదు, మూత వేస్తుంది, కింద లైటు ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా పోతుంది, అంతసేపూ వాడి మొహం మీదే కెమెరా ఉంచు, నవ్వు అక్కడ వస్తుంది. కాపీ బయటికొస్తుంది, ఆమె చదువుతుంది. "ఒరిజినల్ నేనుంచుకుంటా, జిరాక్స్ మీరు తీసుకెళ్ళండి" అంటుంది. అంతే, అక్కడ కట్ చెయ్.

సత్యనారాయణపురం అక్క:
ఆ చివరి మాట చాలా బాగుంది, కానీ ఒకటి ఆలోచించండి. షాపులో కూర్చున్న అమ్మాయికి లేచి వెళ్ళిపోయే వీలుండదు, అది ఆమె ఉద్యోగం. నేనూ రెండేళ్ళు కౌంటర్‌లో పనిచేశాను, రోజూ వచ్చి నిలబడేవాడు మంచివాడో కాదో మనకెలా తెలుస్తుంది? బ్యారేజీ మీద దారి ఆపడమైతే ఇంకా భయం. మన సినిమాల్లో వెంటపడడాన్నే ధైర్యం అని చూపించీ చూపించీ అలవాటు చేశారు. అందుకని కాగితంలో ప్రేమ గురించి ఒక్క ముక్క, దాని కింద "ఇష్టం లేకపోతే చెప్పండి, రేపటి నుంచి జిరాక్స్‌కి వేరే షాపుకి వెళ్తాను" అని రాయించు. ఆ రెండో లైను రాయడానికే అసలు ధైర్యం కావాలి. ఆమె కాదన్నా కథ నిలబడేలా ఉంటేనే అవునన్నప్పుడు మాకు సంతోషం.

సౌండ్ బాబాయ్:
షాపులో ట్యూబ్‌లైట్లుంటే కెమెరా షట్టర్ స్పీడు 1/50 సెకనులో పెట్టండి, మనకి కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, లేకపోతే గోడల మీద చారలు పాకుతాయి. మాటలు తీసేటప్పుడు ఫ్యాను ఆపేయండి, చెమట తుడుచుకుంటూనైనా సరే. మెషిన్ చప్పుడు విడిగా ఒక ఐదు నిమిషాలు రికార్డ్ చేసి పెట్టుకోండి, ఆ సీన్‌కి అదే మ్యూజిక్. నది ఒడ్డున ఇంకేమైనా తీసేదుంటే మైక్‌కి బొచ్చు తొడుగు లేకుండా వెళ్ళొద్దు, సాయంత్రం గాలికి ఒక్క మాటా మిగలదు.

పటమట కుర్రాడు:
రాత్రంతా కూర్చుని మళ్ళీ రాశాను. రెండు పేజీలూ పోయాయి, అక్క చెప్పిన లైను పెట్టాను. పొద్దున అమ్మకి చదివి వినిపిస్తే ఒరిజినల్ మాట దగ్గర గట్టిగా నవ్వింది, తర్వాత కాసేపటికి "ఆ అమ్మాయి ఎవర్రా?" అని అడిగింది. చెప్పాను, ఇన్నేళ్ళకి. గవర్నర్‌పేట వైపు ఎవరికైనా తెలిసిన జిరాక్స్ షాపు ఉంటే చెప్పండి, ఆదివారం పొద్దున నాలుగు గంటలు ఇస్తే చాలు.