నెలలు నిండని బిడ్డల కుటుంబాలకు కంపెనీల సాయం: ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

వేదవతి:
మా జిల్లా ఆసుపత్రి నవజాత శిశు విభాగంలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు వారాల తరబడి ఉంటారు. వారి తల్లులకు భోజనం, తండ్రులకు తలదాచుకునే చోటు చూసే ఒక చిన్న సంస్థలో నేను సభ్యురాలిని. పిల్లల సరుకులు అమ్మే ఒక కంపెనీ మా ఏడాది ఖర్చు భరిస్తామంటూ, ప్రతిగా తమ పేరున్న సంచిలో డైపర్లు, టోపీ, పాలపొడి డబ్బా పెట్టి తల్లులకు అందించమనీ, వారి ఫోను నంబర్లు ఇవ్వమనీ అడుగుతోంది. మా సభ్యులు రెండుగా చీలారు. మీ అభిప్రాయం చెప్పగలరు.

సూర్యనారాయణ:
పాలపొడి విషయంలో చర్చకే తావు లేదండి. 1992లో వచ్చి 2003 సవరణతో మరింత బిగిసిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, అమ్మకాలు పెంచుకోవడానికి నమూనాలు పంచడాన్నే కాదు, అందుకోసం పసిబిడ్డల తల్లులను కలవడాన్ని కూడా నిషేధించింది. ఫోను నంబర్లు ఎందుకు అడుగుతున్నారో వేరే చెప్పాలా? పైగా నెలతక్కువ బిడ్డల లేత పేగులకు వచ్చే ప్రాణాంతకమైన జబ్బు డబ్బాపాలు తాగేవారిలో ఎక్కువ, తల్లిపాలు తాగేవారిలో తక్కువ. దాతల నుంచి తల్లిపాలు సేకరించి ఇలాంటి బిడ్డలకు అందించే తల్లిపాల బ్యాంకు దేశంలోనే మొదటిది 1989లో ముంబయి సయన్ ఆసుపత్రిలో వెలసింది. మన నీలోఫర్‌లో 2017లో వచ్చిన ధాత్రి బ్యాంకు కూడా ప్రభుత్వాసుపత్రి, స్వచ్ఛంద సంస్థలు కలిసి నిలబెట్టినదే. కాబట్టి భాగస్వామ్యం అనగానే నేను ముఖం తిప్పుకోను.

రాజ్యలక్ష్మి:
పాలపొడి తీసేద్దాం, సరే. తక్కిన సొమ్ము మాటేమిటి? 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో బిడ్డ వైద్యం ఉచితమే కానీ, తండ్రి పోగొట్టుకునే కూలిని అది పూడ్చదు. నెలతక్కువ బిడ్డకు పుట్టిన 30 రోజులలోపు జరగవలసిన కంటి రెటీనా పరీక్ష తప్పితే చూపే పోవచ్చు. దారి ఖర్చులకు లేక ఆ పరీక్ష వాయిదా వేసుకున్న కుటుంబాలను నేను చూశాను. ఇలాంటి బిడ్డల కుటుంబాల కోసం బ్రిటన్‌లో 1979 నుంచి పనిచేస్తున్న బ్లిస్ సంస్థ డైపర్ల బ్రాండు పాంపర్స్‌తో చేయి కలిపినా దాని పరువేమీ పోలేదు. మనం మడి కట్టుకుని కూర్చుంటే నష్టపోయేది ఆ తల్లులే.

సూర్యనారాయణ:
బ్లిస్ పేరెత్తారు కనుక చెబుతున్నాను. ఆ సంస్థ పనిలో నాకు గొప్పగా తోచేది డైపర్లు కాదు. బిడ్డ ఆసుపత్రిలో ఉన్నంత కాలం తల్లిదండ్రులకు విడిగా సెలవు కావాలని అది ఏళ్ల తరబడి పోరాడింది. 2023లో చట్టమై, 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఆ సెలవు గరిష్ఠంగా 12 వారాలు. మన చట్టంలో నెలలు నిండని కాన్పు వల్ల తల్లి జబ్బుపడితే ఒక నెల అదనపు సెలవుంది కానీ, బిడ్డ ఆసుపత్రిలో వెచ్చగా ఉంచే వార్మర్‌లో ఉన్నందుకు లేదు, తండ్రి ఊసు అసలే లేదు. తన గోదాములో కాంట్రాక్టు పనివారి ఇంట ఇలాంటి బిడ్డ పుడితే జీతంతో సెలవిస్తుందా అని ఆ కంపెనీని ముందుగా అడగండి. ఇక 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టమన్నా, సరుకుల ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఆ లెక్కలోకి రాదని 2021 నిబంధనలు చెబుతున్నాయి. పేరున్న సంచిని వారి ఆడిటర్ ఏ పద్దులో రాస్తారో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.

రాజ్యలక్ష్మి:
ఇన్ని అడిగితే వారు మళ్లీ ఫోనెత్తరు. సంచి మీది ముద్ర చూసి తల్లి మోసపోతుందనడం ఆమెను చిన్నబుచ్చడమే.

వేదవతి:
సంచి, పాలపొడి, నంబర్లు లేకుండా భోజనాలకూ దారి ఖర్చులకూ మాత్రమే సొమ్ము ఇవ్వగలరా అని లిఖితపూర్వకంగా అడగాలని నిశ్చయించాము. కిలో బరువు బిడ్డకు సరిపడే డైపర్లు మా ఊరి దుకాణాల్లో దొరకవు కనుక, ముద్ర లేని పెట్టెల్లో నేరుగా విభాగానికే ఇస్తే సిస్టర్లు తీసుకుంటామన్నారు. సెలవు ప్రశ్న కూడా ఉత్తరంలో చేర్చాము, రాజ్యలక్ష్మిగారు వద్దన్నా.